బొంబాయి విమానానికి పన్నెండు నిమిషాల ఆలస్యం

1957 మే మొదట్లో నన్ను తిరుత్తణి పైలట్ బెలూన్ స్టేషనుకు సీనియర్ అబ్జర్వరుగా వేశారు. స్టేషను ఇన్‌చార్జి కూడా నేనే. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు, వాతావరణ శాఖలో తొమ్మిదేళ్ళ సర్వీసు. తిరుత్తణి తాలూకా అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉండేది. మా సొంత ఊరు అత్తిమంజేరిపేట పక్కనే కాబట్టి, ఇంటికి దగ్గరగా వేశారని మా వాళ్ళు సంతోషించారు. నేనూ సంతోషించాను. ఆ దగ్గరితనమే నన్ను ముంచుతుందని అప్పుడు తెలియదు.

స్టేషనంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఊరి చివర చేల మధ్య ఒక పెంకుటిల్లు, దాని వెనక హైడ్రోజన్ సిలిండర్లు పెట్టే రేకుల షెడ్డు, ముందు వైపు థియొడొలైట్ నిలబెట్టడానికి సిమెంటు దిమ్మె. సిబ్బంది నేను, జూనియర్ అబ్జర్వరు దామోదరం, బెలూన్లు నింపే అటెండరు. దామోదరానికి ఇరవై నాలుగేళ్ళు. కడంబత్తూరు అబ్బాయి. అక్కడి రైసుమిల్లులో గుమాస్తా పని వదులుకొని తాత్కాలిక ఉద్యోగిగా మా శాఖలో చేరి రెండేళ్ళయింది. ఆగస్టులో వచ్చే జాబితాలో పేరుంటే ఉద్యోగం స్థిరపడుతుంది, లేకపోతే ఇంటికి. ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి కళ్ళద్దాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

మేం చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. ఆ రోజుల్లో నేను ఎక్కడికి వెళ్ళినా, విమానాల పనిలో ఉన్నానని తెలియగానే జనం ఒకటే అడిగేవారు, మద్రాసు నుంచి బొంబాయికి ఎంతసేపు పడుతుందని. అడిగినవాళ్ళలో విమానం ఎక్కబోయేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. అయినా అందరికీ జవాబు కావాలి. మద్రాసు, బొంబాయి విమానాశ్రయాల మధ్య గగనమార్గం సుమారు ఆరువందల నలభై మైళ్ళు. అప్పుడు ఆ దారిలో తిరిగే రెండు ఇంజన్ల విమానం గంటకు నూట అరవై మైళ్ళు పోతుంది. అంటే నాలుగు గంటలు. బడిపిల్లవాడు చేసే లెక్క.

కానీ ఆ లెక్క గాలి లేనప్పటిది. విమానం గాలిలో ఈదుతుంది కాబట్టి గాలి ఎటు కదిలితే విమానాన్ని అటు తీసుకుపోతుంది. జూన్, జూలై నెలల్లో పడమటి గాలి గంటకు యాభై మైళ్ళ వేగంతో ఎదురొస్తే, నేల మీద లెక్కకు విమానం వేగం నూట పదికి పడిపోతుంది. నాలుగు గంటల ప్రయాణం అయిదు గంటల నలభై తొమ్మిది నిమిషాలవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తే మూడు గంటలకే మద్రాసులో దిగుతుంది. దూరం మారదు, కాలం మారుతుంది. ఆ గాలి ఎంత ఉందో పొద్దున్నే కొలిచి మద్రాసుకు తంతి కొట్టడం మా పని. దాన్ని బట్టి అక్కడ ప్రయాణ కాలం కట్టి, ఆ కాలానికి సరిపడా పెట్రోలు, దాని మీద మరో నలభై అయిదు నిమిషాలకు అదనంగా పోసేవారు. ఆ దారిలోని మిగతా స్టేషన్లు వానాకాలమంతా మబ్బుల కింద ఉండేవి. వాళ్ళ బెలూన్లు రెండు మూడు వేల అడుగులకే మబ్బులో కలిసిపోయేవి. మా ఆకాశం నయం. అందువల్ల దారి మొత్తానికీ మా గాలినే ఆధారం చేసుకునేవారు.

కొలిచే పద్ధతి ఇదీ. హైడ్రోజన్ నింపిన బెలూన్‌ను వదిలి థియొడొలైట్‌లో, అంటే కోణాలు కొలిచే దుర్భిణిలో, దాన్ని నిమిష నిమిషానికీ వెంబడించాలి. ఏ దిక్కున, ఎంత ఎత్తు కోణంలో ఉందో ఆ యంత్రం చెబుతుంది. ఎంత దూరంలో ఉందో మాత్రం చెప్పదు. దానికోసం బెలూన్‌కు ఒక తోక కడతాం. నూట ఇరవై అడుగుల దారం, చివర చిన్న కాగితపు జెండా. దుర్భిణి లోపల గీతల స్కేలు ఉంటుంది. తోక ఆ స్కేలు మీద ఎన్ని గీతలు ఆక్రమించిందో చూసి, స్లైడ్ రూల్ అనే లెక్కల బద్ద మీద దూరం కడతాం. దగ్గరున్న తోక పొడుగ్గా, దూరంగా ఉన్నది పొట్టిగా కనిపిస్తుంది కదా, అంతే సూత్రం. స్కేలు చదివేది దామోదరం, లెక్క కట్టేది నేను.

తోక మాత్రం మమ్మల్ని ఏడిపించేది. ఆఫీసు నుంచి వచ్చే రీలు దారం గాలికి పురి విడిపోయి మెలికలు పడేది, సగం రోజులు తెగిపోయేది. నేను మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. మా నాన్న బడిపంతులే అయినా మా చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ నేతవాళ్ళవే. మగ్గం మీద నిలువుగా సాగే పడుగు నూలు గంజి పెట్టి ఆరేస్తే ఎంత నున్నగా, ఎంత గట్టిగా ఉంటుందో నాకు తెలుసు. మద్రాసు నుంచి అనుమతి తెప్పించుకొని అత్తిమంజేరిపేటకు వెళ్ళి, మా అమ్మకు బాగా తెలిసిన మునెమ్మక్కను అడిగాను. పడుగు పోయడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరని పేరు. నలభై గజాల ముక్కలు కావాలన్నాను. వారం తిరక్కుండా వంద తోకలు వేటికవి చుట్టి పంపింది.

ఆ దారం చూస్తే ముచ్చటేసింది. ఎంత గాలికైనా మెలిక పడదు, తెగదు. జూన్ మొదటి వారం నుంచి మా పరిశీలనలు పదివేల అడుగుల దాకా సాగాయి. మద్రాసు ఆఫీసు నుంచి మెప్పు ఉత్తరం వచ్చింది. దాన్ని నేను గోడకు అంటించాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

జూన్ మూడో వారంలో మొదటి ఫిర్యాదు వచ్చింది. బొంబాయి వెళ్ళే విమానం మేమిచ్చిన గాలి ప్రకారం చేరవలసిన వేళకు చేరడం లేదు. ఒకరోజు ఎనిమిది నిమిషాలు, ఒకరోజు పది, ఒకరోజు పన్నెండు. కారణం తెలపమని మద్రాసు నుంచి మా ఆఫీసరు రాశాడు. ఆయన కఠినుడే గాని దుర్మార్గుడు కాదు. ఆ రోజు నేను పని తొందరలో ఉండి, స్కేలు చదవడంలో పొరపాటు జరిగి ఉండవచ్చునని ఒక్క వాక్యం రాసి పంపేశాను. తొమ్మిదేళ్ళ సర్వీసులో నేను రాసిన వాక్యాలన్నిటిలోకీ చెడ్డది అదే.

జూలై రెండో వారంలో బొంబాయి మీద మబ్బు దట్టంగా కమ్మి ఉంది. ఆలస్యంగా వెళ్ళిన విమానం దిగే వీలు లేక కొంతసేపు చక్కర్లు కొట్టి, చివరికి పూనాకు మళ్ళింది. దిగాక చూస్తే పెట్రోలు అడుగంటి ఉందట. విమానంలో ఇరవైమందికి పైగా ఉన్నారు. విమాన కెప్టెన్ రాసిన ఉత్తరం నకలు నాకు పంపారు. తిట్లు లేవు. తాను తీసుకెళ్ళిన అదనపు పెట్రోలులో పన్నెండు నిమిషాలది మబ్బు పట్టకముందే గాలి తాగేసిందని, తనకు చెప్పిన గాలి అది కాదని మాత్రం రాశాడు.

ఆ వెనకే ఆఫీసరు మెమో వచ్చింది. స్కేలు చదవడంలో పొరపాటు జరుగుతున్నట్టు స్టేషను ఇన్‌చార్జే ఒప్పుకున్నాడు కాబట్టి, చదివే ఉద్యోగి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి, ఆగస్టు జాబితా నుంచి దామోదరం పేరు తీసేసి నెలాఖరుకు అతన్ని ఉద్యోగం నుంచి విడుదల చేయాలని ప్రతిపాదన. అభ్యంతరాలుంటే పది రోజుల్లో తెలపాలి.

మెమో దామోదరం చేతికిచ్చాను. చదివి మడిచి నా బల్ల మీద పెట్టాడు.

"సార్, నాదొక మాట. నా కంట్లో తప్పుంటే ఒకదినం ఎక్కువ చదివి ఇంకొకదినం తక్కువ చదవాల గదా. దినామూ గాలి తక్కువే వస్తావుందే, అదెట్ల సార్? కంటికి కూడా పక్షపాతం ఉంటాదా?"

ఆ వాక్యం రాసింది మీరే కదా అని అడగలేదు. అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది. నా తొందరపాటుకు అతని అన్నం పోతోంది. ఏమైనా సరే, ఈ పది రోజుల్లో తప్పు ఎక్కడుందో పట్టుకొని తీరాలనుకున్నాను.

మొదట కాగితాలు ముందేసుకున్నాను. జూన్ మొదలు ప్రతి ప్రయాణానికీ మేం చెప్పిన గాలి, విమానం నిజంగా తీసుకున్న కాలం పక్కపక్కన రాశాను. ఆ అబ్బాయి మాట నిజమే. గాలి బలంగా ఉన్న రోజున ఆలస్యం ఎక్కువ. గాలి మందంగా ఉన్న రోజున దాదాపు లేదు. తిరుగు ప్రయాణాల్లో విమానం రెండు మూడు నిమిషాలు ముందే దిగుతోంది. ఎదురుగాలిని తక్కువ చెబితే పోయేటప్పుడు ఆలస్యం, వచ్చేటప్పుడు తొందర. గాలి యాభై ఉంటే మేం నలభై ఆరు అంటున్నాం. ఇరవై అయిదు ఉంటే ఇరవై మూడు అంటున్నాం. తప్పు ఎప్పుడూ ఒకే వంతున ఉంది. కంటి పొరపాటు వంతుల ప్రకారం నడవదు.

తర్వాత రెండు రోజులు నేనే దుర్భిణి దగ్గర నిలబడి స్కేలు చదివాను. నా కళ్ళకు అద్దాలు లేవు. విమానం మాత్రం పదకొండు నిమిషాలు ఆలస్యంగానే చేరింది. ఆఫీసరుకు టెలిఫోను చేసి ఆ సంగతి చెప్పాను. ఒకే స్టేషనువాళ్ళు ఒకరిని చూసి ఒకరు చదివితే అది సాక్ష్యం కాదన్నాడు. తీసిపారేయడానికి వీల్లేని మాట. గడియారాన్ని రైల్వే వేళతో సరిచూశాను. స్లైడ్ రూల్ వదిలి కాగితం మీద లెక్క వేశాను. థియొడొలైట్‌ను ఊరి గుడి గోపురానికి గురిపెట్టి కోణాలు సరిచూశాను. ఎక్కడా తప్పు లేదు.

ఇక మిగిలింది దారం. ఇక్కడే నా తెలివి తెల్లారింది. దారం సంగతి ఆలోచించకపోలేదు. ఇలా తర్కించాను: ఇచ్చేవాళ్ళు కొలతలో తప్పు చేస్తే తక్కువే ఇస్తారు. తోక పొట్టిదైతే స్కేలు మీద పొట్టిగా కనిపిస్తుంది, బెలూన్ ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు లెక్క వస్తుంది, గాలి ఎక్కువ తేలుతుంది. మాకు తేలుతున్నది తక్కువ. కాబట్టి దారం నిర్దోషి. పైగా మునెమ్మక్క కొలతను టేపుతో సరిచూడటమంటే ఆమెను దొంగ అన్నట్టే కదా అనిపించింది. దారాన్ని ముట్టుకోలేదు.

అప్పటికి అయిదు రోజులు గడిచిపోయాయి. చివరి మార్గంగా రెండు థియొడొలైట్ల పద్ధతి పెట్టాలని నిర్ణయించాను. తెలిసిన దూరంలో రెండు యంత్రాలు నిలబెట్టి, ఒకే బెలూన్‌ను రెండు చోట్ల నుంచీ ఒకే క్షణంలో చూస్తే, త్రికోణం లెక్కతో దూరం వస్తుంది. తోకతో పని లేదు. రెండో యంత్రం పంపమని అడిగితే ఆఫీసరు కాసేపు గొణిగి, రెండు రోజుల పాటు వాడుకోవడానికి ఇస్తానన్నాడు. కానీ తిరుత్తణిలో కొండ అడ్డం. చదునుగా, కచ్చితంగా కొలిచిన దూరం ఒకటి కావాలి. అది ఎక్కడ దొరుకుతుందో దామోదరమే చెప్పాడు.

"మా ఊరి కాడ రైలుకట్ట చూడండి సార్, నూలు పట్టినట్టు ఉంటాది. మైలురాళ్ళు కూడా ఉండాయి. తిరువళ్ళూరులో పీడబ్ల్యూఐ ఒకాయన ఉండాడు, ఆయన్ని అడిగితే సరి."

పీడబ్ల్యూఐ అంటే రైలు పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరు. మర్నాడే తిరువళ్ళూరు వెళ్ళి ఆయన్ని కలిశాను. అరవాయన, ముక్తసరి మనిషి. సంగతంతా విని, నాకు కావలసింది మైలా, మైలు లాంటిదా అని అరవంలో అడిగాడు. మైలే అన్నాను. తన ఇనుప టేపు, ఇద్దరు గ్యాంగు మనుషులను ఇచ్చి, కడంబత్తూరు పక్కన రెండు మైలురాళ్ళ మధ్య దూరం మళ్ళీ కొలిపించాడు. రాళ్ళను నమ్మి వదిలేయకూడదా అని అడిగాను. రాయి పాతినవాడు మంచివాడే, కానీ తాను కొలవలేదు కదా అన్నాడు. ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

ఒక చివర దామోదరం, మరో చివర నేను. గడియారాలు కలుపుకున్నాం. అటెండరు తోక కట్టిన బెలూన్‌ను దామోదరం దగ్గర నుంచి వదిలి ఎర్రజెండా ఊపుతాడు, అక్కడి నుంచి నిమిషానికొకసారి ఇద్దరం కోణాలు చదువుతాం. దామోదరం తోకను కూడా చదువుతాడు. రెండు రోజుల్లో నాలుగు బెలూన్లు వదిలాం. మొదటిది పదో నిమిషానికి మబ్బులో కలిసింది. మిగతా మూడు బాగా అందాయి. దామోదరం రెండు రోజులూ నీళ్ళు తాగడానికి తప్ప యంత్రం దగ్గర నుంచి కదలలేదు. కట్ట పక్కన రాత్రి వాన నీళ్ళు నిలిచి ఉంటే చెప్పులు విడిచి బురదలోనే నిలబడ్డాడు.

స్టేషను మాస్టరు గదిలో ఒక మూల కూర్చుని లెక్క వేశాను. త్రికోణం ప్రకారం బెలూన్ పదమూడు వేల అడుగుల దూరంలో ఉంటే తోక ప్రకారం పన్నెండు వేలు. ఆరున్నర వేలున్న చోట ఆరు. ప్రతి నిమిషం, ప్రతి బెలూన్, అదే వంతు. పదమూడుకు పన్నెండు. దామోదరం కన్ను చెక్కుచెదరలేదు. అంత నిలకడగా చదివిన అబ్జర్వరు నా సర్వీసులో మరొకరు కనిపించలేదు. తేడా తోకలోనే ఉండాలి, అదీ నేను ఊహించని వైపు.

మిగిలిన తోకల్లో ఒకటి తీసి ప్లాట్‌ఫారం మీద పరిచాం. దామోదరం ఒక కొస పట్టుకున్నాడు. ఇనుప టేపు వందడుగులది. వంద అయ్యాక గీత గీసి మళ్ళీ పెట్టాను. ఇరవై దగ్గర దారం అయిపోవాలి. అయిపోలేదు. ముప్పై దగ్గర అయిపోయింది. ఇంకో తోక తీశాను. నూట ముప్పై. మరోటి. నూట ముప్పైకి అంగుళం తక్కువ.

"దారం పొడుగు ఉండాది సార్" అన్నాడు దామోదరం నెమ్మదిగా. అతని ముఖంలో సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పది నిమిషాల పని. జూన్ ఒకటో తేదీన చేసి ఉంటే పూనా లేదు, మెమో లేదు.

ఆ సాయంత్రమే అత్తిమంజేరిపేటకు వెళ్ళాను. మునెమ్మక్క వీధిలో కొయ్యలకు పడుగు సారించి ఉంది. నన్ను చూడగానే ఆమె మొదట కొలత గురించే అడిగింది:

"ఏం తమ్ముడా, అళవు తక్కువొచ్చినాదా?"

"లేదక్కా, ఎక్కువొచ్చింది" అన్నాను.

ఆమె నవ్వింది. "ఎక్కువ రాకుండా ఎట్ల? గజానికి నాలుగు వేళ్ళు ఇడిసిపెట్టే గదా మేము కొలిచేది. మగ్గానికి ముడేసేదానికి కొంత పోతాది, ఉతికితే కొంత కుంచుకపోతాది. కొన్నోళ్ళు అళవు పడలేదని మా గడప కాడికొస్తే మాకు మానమా? దాంట్లోనూ నువ్వు ఆకాశానికి పోయేది అంటివి. ఆడ తక్కువ పడితే యాడ తెచ్చి అతుకుతావు? అందుకని కొసరు ఇంకా జాగ్రత్తగా పెట్టినా."

గజానికి నాలుగు వేళ్ళంటే మూడు అంగుళాలు. నలభై గజాలకు నూట ఇరవై అంగుళాలు, సరిగ్గా పది అడుగులు. లెక్క పూర్తిగా కుదిరింది. గజం కర్ర పెట్టడం, దాని కొసన నాలుగు వేళ్ళు ఆనించడం, అక్కడి నుంచి మళ్ళీ కర్ర పెట్టడం. నేను పుట్టి పెరిగిన వీధిలో రోజూ జరిగేది. వందసార్లు చూసి ఉంటాను, ఒక్కసారీ గమనించలేదు.

విమానం సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎవురికన్నా ఏమన్నా ఆయనా?" అని అడిగింది. ఏమీ కాలేదన్నాక గాని మళ్ళీ పడుగు మీద చెయ్యి వేయలేదు. ఆమె భర్త, నేను బావా అని పిలిచే వెంకటసామి, మగ్గం గుంటలో నుంచే అన్నాడు: "కచ్చితంగా నలభై గజాలే ఉండాల, కొసరు వద్దని నువ్వు చెప్పాల గదప్పా. మాకేం తెలుసు, ఎక్కువైతే కూడా నష్టమని?"

ఇనుప టేపు ప్రకారం కొత్త తోకలు కావాలన్నాను. కొసరు లేకుండా కోయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. చివరికి ఆమే ఒక దారి కనిపెట్టింది. ప్రతి తోకనూ టేపుకు సరిగ్గా నూట ఇరవై అడుగులు కోసి చుట్టి, నాలుగు వేళ్ళ లెక్కన వచ్చే పది అడుగులను వేరే చిన్న చుట్టగా దాని పక్కన పెట్టింది. "ఇది మీ కణక్కుకు, ఇది మా కణక్కుకు" అంది. కణక్కంటే మా వైపు లెక్క. ఆ చిన్న చుట్టలతో మేం బెలూన్ల మూతులు కట్టుకున్నాం.

గడువుకు ఒకరోజు ముందు మద్రాసు వెళ్ళి ఆఫీసరు ముందు కాగితాలన్నీ పరిచాను. ఆయన ప్రతి అంకెనూ తానే మళ్ళీ వేసి చూశాడు. అరగంట తర్వాత, దామోదరం మీద ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. తర్వాత, ఇదంతా దారం ఇచ్చినవాళ్ళ తప్పని రాసి, వాళ్ళ దగ్గర తీసుకోవడం మానేస్తే ఫైలు మూసేయవచ్చన్నాడు. నా మేలు కోరే అన్నాడు. అలా రాస్తే నా సర్వీసు పుస్తకం శుభ్రంగా ఉంటుంది. మునెమ్మక్క దారం కొలత తప్పని ఒక సర్కారు కాగితం మీద ఉంటుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆ కాగితం ఎప్పటికీ చూడదు కూడా. అయినా ఒక తొందర వాక్యం ఏం చేస్తుందో ఆ నెలలోనే చూసినవాణ్ణి. మళ్ళీ అలాంటిది రాయదలచుకోలేదు.

అక్కడే కూర్చుని సంజాయిషీ రాసిచ్చాను. సరఫరాదారు తమ ఆచారం ప్రకారం కొలిచి ఇచ్చారు, మన అవసరం ఏమిటో వాళ్ళకు విడమరచి చెప్పలేదు, వచ్చిన దారాన్ని వాడకముందు కొలవవలసిన బాధ్యత స్టేషను ఇన్‌చార్జిది, అతను కొలవలేదు. జూన్ నాటి నా జవాబు విచారించకుండా రాసినదని కూడా చేర్చాను. ఆఫీసరు చదివి, సంతకం పెట్టే ముందు మరోసారి ఆలోచించుకోమన్నాడు. పెట్టాను.

కొత్త తోకలతో పంపిన గాలి లెక్క ప్రకారం వెళ్ళిన మొదటి విమానం బొంబాయిలో రెండు నిమిషాల తేడాతో దిగింది. ఆగస్టు జాబితాలో దామోదరం పేరు ఉంది. నా సర్వీసు పుస్తకంలో హెచ్చరిక చేరింది, దాని వల్ల నా ప్రమోషన్ రెండేళ్ళు వెనకబడింది. బాధపడలేదంటే అబద్ధం. పడ్డాను. అన్యాయం జరిగిందని మాత్రం అనుకోలేదు.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఏ స్టేషనులో చేరినా మొదటి రోజున తోకలన్నీ నా చేత్తో కొలిచాకే రిజిస్టరులో సంతకం పెట్టేవాణ్ణి. మా మీద నమ్మకం లేదా అని కొందరు నొచ్చుకున్నారు. నమ్మకానికీ కొలతకూ సంబంధం లేదని చెప్పేవాణ్ణి. తప్పు జరిగితే తక్కువ వైపే జరుగుతుందని, అటు ఒక కన్నేసి ఉంచితే చాలని ఆనాడు నేను అనుకున్నాను. మోసం వల్ల వచ్చే తప్పు ఒకటుంది, మంచితనం వల్ల వచ్చేది ఇంకొకటుంది. పెట్రోలు ట్యాంకుకు ఆ రెంటికీ తేడా తెలియదు.